4 అడుగుల అక్వేరియానికి గట్టి చెక్క స్టాండ్: కొలతలు, కోతలు, బిగింపు అన్నీ వరసగా

అక్వేరియం స్టాండ్ ఇంట్లోనే ఎలా చేసుకోవాలి, ఏ చెక్క కొనాలి, ఎన్ని కాళ్ళు పెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకేచోట పెడితే పనికొస్తుందని ఇది రాస్తున్నా. 4 అడుగుల ట్యాంక్ తీసుకుని చెప్తున్నా, అంటే 48 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు. మీ సైజు వేరే అయినా పద్ధతి ఇదే, కొలతలు మార్చుకోవాలి.

ఒక్క సంగతి ముందే బుర్రలో పెట్టుకోండి. బరువు చెక్క మీంచి చెక్క మీదకి దిగి నేలకి చేరాలి. స్క్రూ పనల్లా ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచడమే, బరువు మొయ్యడం దాని పని కాదు. కింద చెప్పే ప్రతి స్టెప్పూ దీని కోసమే.

## 1. ముందు బరువు లెక్క

ఒక ఘనపుటడుగుకి 28.3 లీటర్ల నీళ్ళు పడతాయి. మన ట్యాంక్ 4 × 1.5 × 2 = 12 ఘనపుటడుగులు, అంటే 340 లీటర్లు, 340 కేజీలు. గాజు మందం తీసేసి, పైన రెండంగుళాలు వదిలేస్తే అసలు నీళ్ళు 300 లోపే ఉంటాయి, కానీ లెక్క మాత్రం 340తోనే వేసుకోండి.

- నీళ్ళు: 340 కేజీలు
- గాజు, 12 ఎంఎం అయితే: 75 నుంచి 80 కేజీలు
- ఇసుక, రాళ్ళు: 40 కేజీలు
- స్టాండ్, ప్లై, ఫిల్టర్: 70 కేజీలు

మొత్తం అర టన్ను పైమాటే. ఇది ఒకటి రెండు రోజులు మోసే బరువు కాదు, రాత్రీ పగలూ ఏళ్ళ తరబడి కదలకుండా ఉండే బరువు. టీవీ స్టాండ్ మీదో పాత డ్రెస్సింగ్ టేబుల్ మీదో పెట్టేయొచ్చా అని అడిగేవాళ్ళకి ఈ లెక్కే సమాధానం.

## 2. ఎక్కడ పెడుతున్నారో తేల్చుకోండి

చోటు ఖాయం కాకుండా చెక్క కొనొద్దు, ఎందుకంటే నేల ఎలా ఉందో దాన్నిబట్టి స్టాండ్ అడుగు మారుతుంది.

అపార్ట్‌మెంట్ అయితే గోడ వారగా, కింద బీమ్ వెళ్ళే వైపు పెట్టండి. ఇళ్ళల్లో గదుల స్లాబ్‌ని ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకి దాదాపు 200 కేజీల వాడకం బరువు లెక్కలో డిజైన్ చేస్తారు, మన ట్యాంకేమో అర చదరపు మీటరుకి కొంచెం పైన ఉండే చోటులో 500 కేజీలు దింపుతుంది. గది మొత్తం బరువులో చూస్తే ఇది పెద్ద భారం కాదు కానీ గది నట్టనడుమ పెడితే స్లాబ్ మీద పడే ఒత్తిడి వేరు, బీమ్ పక్కన పెడితే వేరు. బాల్కనీలో మాత్రం వద్దే వద్దు. 5, 6 అడుగుల ట్యాంకులు పై అంతస్తులో పెట్టాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడిగే ముందుకెళ్ళండి.

టైల్స్ నేలైతే స్టాండ్ కాళ్ళొచ్చే చోట్ల రూపాయి బిళ్ళతో కొట్టి చూడండి. గట్టిగా కణ్ మంటే కింద సిమెంటు నిండుగా ఉన్నట్టు, డొల్లగా మోగితే ఆ టైల్ పగిలే అవకాశం ఉంది కాబట్టి అర అడుగు అటో ఇటో జరపండి. పాత ఇళ్ళల్లో నాపరాళ్ళ నేలైతే రాళ్ళు సమంగా ఉన్నాయా, కాలు పెడితే ఏదైనా కదుల్తోందా చూసుకోవాలి.

ఇంకా చూడాల్సినవి:

- కిటికీలోంచి ఎండ నేరుగా పడకూడదు, పాచి పడుతుంది
- ప్లగ్ పాయింట్ దగ్గర్లో ఉండాలి, కానీ ట్యాంక్ వెనక సరిగ్గా కిందకి కాదు
- వెనక గోడకి 3, 4 అంగుళాలు ఖాళీ, పైపులకి
- బాత్రూం వైపు నేల వాటం ఉందేమో రసమట్టంతో చూసి ఎంత తేడా ఉందో రాసి పెట్టుకోండి

## 3. చెక్క ఎంపిక

టేకు అయితే మంచిదే, కానీ ప్లై కింద దాగిపోయే ఫ్రేముకి అంత ఖర్చు అక్కర్లేదు. సాల్ చెక్క, నల్లమద్ది, ఏగిస లాంటివి బరువుకి బ్రహ్మాండంగా ఆగుతాయి. బాగా ఎండిన వేప కూడా పర్లేదు. పైన్ మెత్తగా ఉంటుంది, స్క్రూ సులువుగా దిగుతుంది, కింద చెప్పిన 6 కాళ్ళ పద్ధతిలో చేస్తే అదీ సరిపోతుంది, కాకపోతే తడి, చెదల నుంచి కాపాడుకోవాలి. మామిడి చెక్క వద్దు, మెలిక తిరుగుతుంది, పురుగు పడుతుంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అసలు తలపెట్టొద్దు, నాలుగు చుక్కలు పడితే ఉబ్బి పొరలు పొరలుగా లేస్తాయి.

చెక్క ఏ జాతి అన్నదానికంటే ఎండిందా లేదా అన్నదే ముఖ్యం. పచ్చి చెక్కతో ఎంత కచ్చితంగా చేసినా రెండు నెలల్లో వంకర తిరుగుతుంది. టింబర్ డిపోలో ఒక్కో ముక్కనీ చేత్తో ఎత్తి చూడండి, అదే సైజు పక్క ముక్కకంటే బాగా బరువుగా, తాకితే చల్లగా ఉంటే తడి ఉన్నట్టే. తర్వాత ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి, వంపు గానీ మెలిక గానీ ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. చేవ ఉన్న ముక్కలే ఏరుకోండి, అంచున తెల్లగా కనిపించే పైచెక్కలోనే పురుగు ముందు పడుతుంది. పొడవు ముక్కల నడిమధ్యలో పెద్ద ముడి ఉంటే పక్కన పెట్టేయండి.

తెచ్చాక వెంటనే కొయ్యకుండా ఇంట్లోనే, మధ్యమధ్య చిన్న బద్దలు పెట్టి గాలి ఆడేలా పేర్చి, రెండు మూడు వారాలు ఉంచండి. తర్వాతే చిత్రిక పట్టించండి. 4 బై 2 అని కొన్న చెక్క చిత్రిక పట్టాక దాదాపు 3¾ × 1¾ అంగుళాలు అవుతుంది, కింద కొలతలన్నీ అలా తేలిన సైజుకే.

ప్లైవుడ్ మాత్రం బీడబ్ల్యూపీ (మరిగే నీళ్ళకి కూడా తట్టుకునే) గ్రేడ్, మీద ఐఎస్ 710 ముద్ర ఉన్నదే తీసుకోండి. షాపులో వాటర్‌ప్రూఫ్ అని నోటిమాటగా చెప్తే నమ్మొద్దు, ముద్ర చూడండి.

## 4. సామాను చెక్‌లిస్ట్

- 4 బై 2 చెక్క: 38 అడుగులు, వేస్టేజ్ కలిపి
- 2 బై 2 చెక్క: 16 అడుగులు
- 12 ఎంఎం ప్లై, 8 బై 4 అడుగుల షీటు: ఒకటి
- 18 ఎంఎం ప్లై, 48 × 18 కట్ పీస్: ఒకటి
- స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు: 75 ఎంఎంవి ఒక బాక్స్, 38 ఎంఎంవి ఒక బాక్స్
- ఫెవికాల్ మెరైన్ లాంటి నీటికి తట్టుకునే జిగురు
- డ్రిల్, 3 ఎంఎం, 3.5 ఎంఎం బిట్లు, కౌంటర్‌సింక్ బిట్ (స్క్రూ తల చెక్కలోకి దిగేలా గుంట చేసేది)
- క్లాంపులు: కనీసం 4
- మూలమట్టం, 3 అడుగుల రసమట్టం, టేపు, సన్న నైలాన్ దారం

రెండు సైజులూ కలిపి చెక్క దాదాపు రెండున్నర సీఎఫ్టీ (ఘనపుటడుగులు) అవుతుంది, డిపోలో రేటు అడిగేటప్పుడు ఇలాగే చెప్పండి.

నల్లగా ఉండే జిప్సం స్క్రూలు వాడొద్దు. సాల్ లాంటి గట్టి చెక్కలో సగం దిగాక తల తెగి చేతిలోకొస్తుంది, పైగా తడికి తుప్పు పడుతుంది.

## 5. కోత లిస్ట్

కొయ్యబోయే ముందు మీ ట్యాంక్‌ని టేపు పెట్టి కొలవండి. షాపులో 4 అడుగులని ఇచ్చింది నిజంగా 48 అంగుళాలే ఉంటుందన్న గ్యారంటీ లేదు, 5 నుంచి 10 ఎంఎం తేడా మామూలే. నిలువు గాజు పలకల బరువు సరిగ్గా కింద ఉన్న చెక్క మీద దిగాలి, అందుకే ఫ్రేము బయటి కొలత ట్యాంక్ అడుగు కొలతకి సమానంగా ఉండాలి. కొంచెం పెద్దదైనా పర్లేదు, చిన్నది మాత్రం అవ్వకూడదు.

4 బై 2 చెక్కలో:

- పొడుగు ముక్కలు, 48 అంగుళాలు: 4
- అడ్డ ముక్కలు, 14½ అంగుళాలు: 6
- కాళ్ళు, 21¾ అంగుళాలు: 6

2 బై 2 చెక్కలో:

- లోపలి జోడు కట్టెలు (కాళ్ళనీ ఫ్రేముల్నీ కలిపి పట్టేవి), 28¾ అంగుళాలు: 6

12 ఎంఎం ప్లైలో:

- వెనక పలక, 48 × 28¾: 1
- పక్క పలకలు, 18 × 28¾: 2
- తలుపులు, 24 × 28¾: 2, తర్వాత సరిచూసి కొంచెం అంచు తీసుకోవాలి

12 ఎంఎం షీటుని ముందు సగానికి 48 × 48 కింద కోయించండి. ఒక సగంలో వెనక పలక, మిగిలిన పట్టీలో ఒక పక్క పలక. రెండో సగంలో తలుపులు రెండు, ఆ పట్టీలో ఇంకో పక్క పలక. అన్నీ ఒకే షీటులో సరిపోతాయి.

ఈ కొలతలతో పైన 18 ఎంఎం ప్లై కలిపి స్టాండ్ ఎత్తు 30 అంగుళాలు వస్తుంది. సోఫాలో కూర్చుని చూడ్డానికి బాగుంటుంది, నిలబడి చెయ్యి పెట్టి క్లీన్ చెయ్యడానికీ ఇబ్బంది ఉండదు.

రంపం, కట్టర్ మీద చెయ్యి తిరగనివాళ్ళు ఈ లిస్టే సామిల్లులోనో ప్లై షాపులోనో ఇచ్చి కోయించుకోండి. ఆరు కాళ్ళూ మాత్రం ఒకే అడ్డు బిళ్ళ పెట్టి ఒకే సెట్టింగ్‌లో కోయించాలి. కోశాక ఆరింటినీ పక్కపక్కన నిలబెట్టి పైన స్కేలు పెట్టండి, అర నూలు (అంగుళంలో పదహారో వంతు) తేడా ఉన్నా వెలుతురు కనిపిస్తుంది. తేడా ఉన్నవాటిని ఇప్పుడే అరగదియ్యాలి, బిగించాక ఏం చెయ్యలేం.

అమెరికాలో ఉండి చేసుకునేవాళ్ళకి ఒక మాట, అక్కడ స్టోర్లో 2 బై 4 అని అమ్మేది నిజానికి 1½ × 3½ అంగుళాలే. కాబట్టి అడ్డ ముక్కలు 15 అంగుళాలు, కాళ్ళు 22¼ అంగుళాలు పెట్టుకుంటే ఇదే ఎత్తు వస్తుంది.

### 6 కాళ్ళు ఎందుకు

నాలుగు మూలలా నాలుగు కాళ్ళు చాలవా అని అడుగుతారు. విరగదు, ఆ మాట నిజమే, 4 బై 2 సాల్ కాలు ఒక్కటే టన్ను పైన మోస్తుంది. కానీ 4 అడుగుల పొడుగు ముక్క మధ్యలో ఆధారం లేకపోతే ఒక ఎంఎం దాకా కిందకి వంగుతుంది, గాజు మాత్రం వంగదు, దాంతో ఆ ఒత్తిడంతా అడుగు గాజు మీదా సిలికాన్ అతుకు మీదా పడుతుంది. ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు 16వ వంతుకి పడిపోతుంది. మధ్యలో రెండు కాళ్ళు వేస్తే వచ్చే లాభం ఇదీ.

కింద పొడవైన సంప్ (ఫిల్టర్‌గా పనిచేసే రెండో తొట్టి) పెట్టాలి, ముందు మధ్య కాలు అడ్డం వస్తుంది అనేవాళ్ళు ముందు వైపు పొడుగు ముక్కని 4 బై 2 బదులు 6 బై 2 వేసుకోండి, దానికి తగ్గట్టు ముందు కాళ్ళు పొట్టివవుతాయి. ఎత్తు పెరిగితే గట్టిదనం ఘనం లెక్కలో పెరుగుతుంది, 4 నుంచి 6కి వెళ్తే మూడున్నర రెట్లు. వెనక మధ్య కాలు మాత్రం ఉంచండి.

## 6. పై ఫ్రేము, కింది ఫ్రేము

రెండూ ఒకేలాంటివి. రెండు పొడుగు ముక్కలు నిలువు అంచు మీద, వాటి మధ్యలో మూడు అడ్డ ముక్కలు, చెరో కొసన ఒకటి, నడిమధ్యలో ఒకటి.

1. ఇంట్లో అన్నిటికంటే సమంగా ఉన్న నేల వెతికి పాలిథిన్ షీటు పరవండి, జిగురు అంటకుండా.
2. ముక్కలన్నీ జిగురు లేకుండా ఒకసారి పేర్చి చూడండి. సందులుంటే ఇప్పుడే సరిచెయ్యాలి.
3. ప్రతి అతుకుకీ రెండు స్క్రూలు, ఒకటి పై అంచు వైపు, ఒకటి కింది అంచు వైపు. పొడుగు ముక్కలోంచి అడ్డ ముక్క కొసలోకి ముందు 3.5 ఎంఎం బెజ్జం వెయ్యండి, పైన కౌంటర్‌సింక్ చెయ్యండి.
4. జిగురు రెండు వైపులా రాసి, క్లాంపు బిగించి, అప్పుడు స్క్రూ దింపండి. గట్టిగా ఉంటే స్క్రూ మరలకి కాస్త సబ్బు రుద్దండి, హాయిగా దిగుతుంది.
5. జిగురు ఆరకముందే రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా ఉంటే మూలమట్టం కుదిరినట్టు. తేడా ఉంటే పొడవుగా ఉన్న కర్ణం కొసల్ని లోపలికి నొక్కి మళ్ళీ కొలవండి.
6. రాత్రంతా క్లాంపుల్లోనే వదిలేయండి.

చెక్క కొసలోకి దిగిన స్క్రూకి పట్టు తక్కువ, ఇది వడ్రంగి మేస్త్రులందరికీ తెలిసిందే. చెయ్యి తిరిగినవాళ్ళు ఇక్కడ కుసి (ముక్క కొసన చెక్కిన నాలుక), బెజ్జం పెట్టి దించుకుంటారు, అది ఇంకా గట్టిది. మనం స్క్రూతో సరిపెడుతున్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే పొడుగు ముక్కల బరువు నేరుగా కాళ్ళ మీద దిగుతుంది, ఈ అతుకులు ఫ్రేము విడిపోకుండా ఉంచితే చాలు.

## 7. కాళ్ళు బిగించడం, తలకిందులుగా

ఈ స్టెప్పే స్టాండ్‌కి ప్రాణం. చాలామంది కింది ఫ్రేము నేల మీద పెట్టి, కాళ్ళు నిలబెట్టి, పైన ఫ్రేము ఎక్కిస్తారు. అలా చేస్తే ఉన్న తేడాలన్నీ చివరికి పైకే చేరతాయి, ట్యాంక్ కూర్చునేది కూడా అక్కడే. అందుకని తిరగేసి చేద్దాం.

పై ఫ్రేములో ట్యాంక్ కూర్చునే ముఖాన్ని సమంగా ఉన్న నేల మీద బోర్లా పెట్టండి. ఇప్పుడు ఆ ముఖం నేలకి అతుక్కుని చదునుగా ఉంటుంది. కాళ్ళని పొడుగు ముక్కల మీద నిలబెట్టండి, కాలి 1¾ వైపు పొడుగు ముక్క మందానికి సరిగ్గా సరిపోతుంది. మూలల్లో కాలు కొసకి సమంగా ఉండాలి. మధ్య కాలుని మాత్రం అడ్డ ముక్క మధ్య గీత నుంచి ఒక వైపుకి జరిపి పెట్టండి, ఒక అంగుళం ఇటు, 2¾ అంగుళాలు అటు వచ్చేలా, అప్పుడు జోడు కట్టెకి చోటు దొరుకుతుంది.

ఇప్పుడు జోడు కట్టెలు. ఇవి ఫ్రేము లోపలి వైపు, అడ్డ ముక్కకి ఆనుకుని, పై ఫ్రేమునీ కాలునీ కింది ఫ్రేమునీ కలిపి పట్టుకుంటాయి. మొత్తం ఎత్తు 29¼ కాబట్టి కట్టె పైనా కిందా పావు అంగుళం తక్కువ ఉంటుంది. అలా వదలడం కావాలనే. కట్టె కొస ప్లైకి గానీ నేలకి గానీ తగిలితే బరువు దాని స్క్రూల మీదకి వెళ్ళిపోతుంది. నేలకీ కట్టెకీ మధ్య 6 ఎంఎం ప్లై ముక్క పెట్టి బిగిస్తే ఆ సందు దానంతటదే వస్తుంది.

- జోడు కట్టెలోంచి పై ఫ్రేములోకి: 2 స్క్రూలు, 75 ఎంఎం
- కాలులోకి: 3
- కింది ఫ్రేములోకి: 2
- అన్నీ ఒకే నిలువు గీతలో పడకుండా కొంచెం ఎడం కుడి మార్చి వెయ్యండి, లేకపోతే చెక్క నిలువునా పగుల్తుంది

ఆరు కాళ్ళూ పై ఫ్రేముకి బిగించాక కింది ఫ్రేముని వాటి మీద కూర్చోబెట్టండి. ఆరు చోట్లా కాలికీ ఫ్రేముకీ మధ్య కాగితం కూడా దూరకూడదు. దూరితే ఆ కాలు బరువు మొయ్యట్లేదని అర్థం, విప్పి సరిచెయ్యండి, స్క్రూతో లాగి బిగిస్తే సందు మూసుకున్నట్టు కనిపిస్తుందే తప్ప ఫ్రేము మెలిక పడుతుంది.

## 8. దారం పరీక్ష

నిలబెట్టాక పై ఫ్రేము మీద ఈ మూల నుంచి ఆ మూలకి రెండు దారాలు అడ్డంగా, బిగువుగా కట్టండి. మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. కిందున్న దారాన్ని పైకి మార్చి మళ్ళీ చూడండి, అప్పుడూ అలాగే ఉండాలి. ఒకసారి మధ్యలో సందు కనిపించి, ఇంకోసారి ఒకటి రెండోదాన్ని నొక్కుతోందంటే ఫ్రేము మెలిక పడింది, లేదా దాని కింద నేల సమంగా లేదు. ముందు నేల సంగతి చూసి, అది బాగుంటే ఎత్తుగా ఉన్న మూలల్ని చిత్రికతో సన్నగా తీసుకోండి.

ఎందుకింత పట్టింపు అంటే, ట్యాంక్ మొత్తం ఒక వైపుకి 2 ఎంఎం వాలితే నీటి గీత వంకరగా కనిపిస్తుంది, అంతకుమించి ఏం కాదు. మెలిక మాత్రం 1 ఎంఎం ఉన్నా అడుగు గాజు పగిలే ప్రమాదం ఉంది.

## 9. ఊగకుండా ప్లై

ఇప్పటిదాకా చేసింది నిలువు బరువుకి. పక్కకి తోస్తే ఇంకా ఊగుతుంది, అది ఆపేది ప్లై. వెనక పలక, రెండు పక్క పలకలు జిగురు రాసి 38 ఎంఎం స్క్రూలు ప్రతి 6 అంగుళాలకీ వెయ్యండి, ఫ్రేములకీ కాళ్ళకీ రెండిటికీ పడాలి. పలకలు కింద అర అంగుళం పైకి ఉంచండి, తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్ళు ప్లై అంచుకి ఎక్కకుండా.

పైపులకి బెజ్జాలు వెనక పలకలో పై మూలల్లో, కాళ్ళకి దూరంగా చెయ్యండి. మధ్యలో పెద్ద చతురస్రం కోసేస్తే ప్లై పెట్టిన ప్రయోజనమే పోతుంది.

పైన 18 ఎంఎం ప్లైని జిగురుతో అతికించి స్క్రూ తలలు లోపలికి దిగేలా చూసుకోండి. ఒక్క స్క్రూ తల పైకి పొడుచుకున్నా గాజుకి ముప్పే. లోపల ఫిల్టర్ పెట్టడానికి కింది ఫ్రేము మీద మిగిలిన ప్లై ఏదైనా పరుచుకోవచ్చు.

తలుపులకి ఆటో హింజ్‌లు అడుగుతుంటారు. వాటిలో తలుపు లోపలికి దిగే గిన్నె దాదాపు 12 ఎంఎం లోతు ఉంటుంది కాబట్టి 12 ఎంఎం ప్లైలో పట్టదు. మడతబందులో పియానో హింజో వేసుకోండి, మధ్య కాలు మీద మ్యాగ్నెట్ పెడితే రెండు తలుపులూ దానికే మూసుకుంటాయి.

## 10. తడి, చెద, పాలిష్

లోపలా బయటా అన్ని ముఖాలకీ కోటింగ్ పడాలి. సాండ్‌పేపర్ 120తో మొదలుపెట్టి 220తో ముగించి, సీలర్ ఒక కోటు, తర్వాత పీయూ (పాలీయురేథేన్ పాలిష్) గానీ ఆయిల్ ఎనామిల్ గానీ రెండు మూడు కోట్లు. ప్లై అంచులకీ, కోసిన బెజ్జాల లోపలికీ, కింది ఫ్రేము అడుగుకీ ఒక కోటు ఎక్కువే వెయ్యండి, నీళ్ళు లాగేది అక్కడే.

చెద మందు వాడాలనుకుంటే మొత్తం పని ట్యాంక్ ఇంట్లోకి రాకముందే, బయట చేసేసి బాగా ఆరబెట్టి, మీద కోటింగ్ వెయ్యాలి. పురుగుల మందు ఆవిరి, తుంపర చాలా కొద్దిగా నీళ్ళలో కలిసినా చేపలు చచ్చిపోతాయి. ట్యాంక్ పెట్టాక స్టాండ్ మీద స్ప్రే కొట్టించడం అనే ఆలోచనే వద్దు.

పాలిష్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక వారం, గాలి తగిలే చోట ఉంచండి.

కింది ఫ్రేము నేరుగా నేలకి తగలకుండా పొడవునా పీవీసీ పట్టీలు గానీ, గ్రానైట్ షాపులో దొరికే సన్న పట్టీలు గానీ వెయ్యండి. ఆరు కాళ్ళ కిందా కచ్చితంగా రావాలి.

## 11. లెవెల్ చెయ్యడం

స్టాండ్‌ని దాని చోట పెట్టి పొడవునా, వెడల్పునా, రెండు కర్ణాల మీదా రసమట్టం చూడండి. నేల వాటానికి తగ్గట్టు పల్లంగా ఉన్న వైపు పలచటి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లు పెట్టండి. అట్టముక్కలు, పేపరు మడతలు, రబ్బరు ముక్కలు వద్దు, బరువుకి అణిగిపోతాయి. పల్లం వైపు కాళ్ళన్నిటి కిందా పెట్టాలి, ఒక్క మూలలో పెట్టి ఊరుకుంటే మీరే మెలిక తెప్పించినట్టు.

ప్లై మీద 10 లేదా 12 ఎంఎం థర్మకోల్ షీటు పరవండి. ఇది మన దగ్గర చేసే, అడుగంతా చదునుగా ఉండే గాజు ట్యాంకులకే. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉండి అడుగు గాజు పైకి లేచి ఉండే ట్యాంకులకి వెయ్యకూడదు. థర్మకోల్ ఇసుక రేణువుల్లాంటి చిన్న తేడాల్ని మింగుతుంది, స్టాండ్ మెలికని సరిచెయ్యదు.

## 12. లోడ్ టెస్ట్, నీళ్ళు నింపడం

ట్యాంక్ పెట్టకముందే 50 కేజీల సిమెంటు బస్తాలు 8, నాలుగేసి చొప్పున రెండు వరసలు పేర్చి ఒక రోజు ఉంచండి. దించే ముందు చూడాల్సినవి:

- పొడుగు ముక్క కింద కొసలకి దారం లాగితే మధ్యలో వంపు కనిపిస్తోందా
- చేత్తో పక్కకి తోస్తే ఊగుతోందా
- ఏ అతుకులోనైనా కొత్తగా సందు వచ్చిందా
- రసమట్టం బుడగ ముందున్నచోటే ఉందా

అన్నీ బాగుంటే ట్యాంక్ ఎక్కించండి. కనీసం ముగ్గురు మనుషులు కావాలి. ముందు పావు వంతు నింపి ఆపండి. నీటి అంచు గాజు పై అంచు నుంచి ఎంత కిందకుందో నాలుగు మూలలా స్కేలుతో కొలవండి, ఏ రసమట్టం కంటే కూడా ఇదే కచ్చితం. 2 ఎంఎం లోపు తేడా ఉంటే సగం దాకా నింపి ఒక రాత్రి వదిలి మళ్ళీ కొలవండి. తర్వాత పూర్తిగా. నిండాక 24 గంటలు చూసి, అప్పుడు ఇసుకా రాళ్ళూ సర్దుకోవడం, చేపల సంగతి.

ఎక్స్‌టెన్షన్ బోర్డుని స్టాండ్ నేల మీద పడెయ్యకుండా లోపల పక్క పలకకి ఎత్తులో బిగించండి. ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందకి ఒకసారి వేలాడి మళ్ళీ పైకెక్కాలి, వైరు వెంట జారిన నీళ్ళు ఆ వంపులోనే కిందకి కారిపోతాయి. ఇంట్లో 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఈ వంకన పెట్టించుకోండి.

## 13. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

నింపాక ఒక వైపు వాలింది. నిండు ట్యాంక్ కింద జాకీ పెట్టి ఎత్తడం, సమ్మెటతో ప్యాకింగ్ దిగ్గొట్టడం ప్రమాదం. నీళ్ళు పావు కంటే తక్కువకి తీసి, ఇద్దరు స్టాండ్‌ని కొంచెం లేపితే మూడో మనిషి ప్యాకింగ్ పెట్టాలి.

స్టాండ్ ముందుకీ వెనక్కీ ఊగుతోంది. పక్క పలకల స్క్రూలు కాళ్ళలోకి పడలేదు, లేదా జిగురు వెయ్యలేదు. ఖాళీ చేసి పలకలు మళ్ళీ బిగించాలి, లోపల మూలల్లో ప్లై త్రికోణాలు అదనంగా వేస్తే ఇంకా మంచిది.

స్క్రూ వేస్తే చెక్క పగిలింది. కొసకి మరీ దగ్గరగా వేశారు, లేదా ముందు బెజ్జం వెయ్యలేదు. చిన్న పగులైతే జిగురు లోపలికి ఎక్కించి క్లాంపు పెట్టి రాత్రంతా ఉంచండి. కాలి పొడవునా పోయిందంటే ఆ ముక్క మార్చెయ్యాల్సిందే.

ట్యాంక్ అడుగుకీ ప్లైకీ మధ్య ఒక మూల సందు కనిపిస్తోంది. థర్మకోల్ ఇంకో పొర వేసి కప్పెట్టొద్దు. ట్యాంక్ దింపి దారం పరీక్ష మళ్ళీ చెయ్యండి, స్టాండ్ బాగుంటే ట్యాంక్ అడుగు గాజు మీదే స్కేలు పెట్టి చూడండి, తేడా అక్కడే ఉండొచ్చు, అప్పుడు షాపుకి తిరిగిచ్చెయ్యండి.

ప్లై అంచు ఉబ్బింది. ఎక్కడి నుంచి నీళ్ళు వస్తున్నాయో ముందు కనుక్కోండి, ఎక్కువసార్లు అది ఎయిర్ పంప్ ట్యూబ్ లోంచి వెనక్కి కారే నీళ్ళే. నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్ళు వెనక్కి రానివ్వని చిన్న బిరడా) వేస్తే ఆగిపోతుంది. తర్వాత అంచు పూర్తిగా ఆరాక సాండ్‌పేపర్ కొట్టి మళ్ళీ కోటింగ్ వెయ్యండి. తలుపు ఉబ్బితే మార్చుకోవచ్చు, పై ప్లై ఉబ్బితే మాత్రం ట్యాంక్ ఖాళీ చేసి మార్చాలి.

నీళ్ళు మార్చే రోజు ఒకసారి తలుపు తీసి, టార్చ్ వేసి, ఆరు కాళ్ళ కొసలూ వెనక మూలలూ చేత్తో తడిమి చూడండి. తడి, మట్టి గూడులాంటి చెద దారి, తుప్పు మరక, ఈ మూడిట్లో ఏది కనిపించినా వచ్చే వారానికి వాయిదా వెయ్యకుండా అదే రోజు చూసుకోవాలి.